ప్రైమరీ డిబేట్‌లో అదరగొడితే గెలిచినట్టేనా? అమెరికా సర్వేల లెక్కలు ఏం చెబుతున్నాయంటే..

2019 జూన్ 27 రాత్రి 9 గంటలు. అమెరికాలోని మియామీలో డెమోక్రటిక్ పార్టీ డిబేట్ మొదలైంది. మన దగ్గర అప్పటికి 28వ తేదీ ఉదయం ఆరున్నర. అందరికంటే ముందున్న జో బైడెన్‌ను సెనేటర్ కమలా హారిస్ స్టేజ్ మీదే నిలదీశారు. నల్లజాతి, తెల్లజాతి పిల్లలు కలిసి చదువుకునేలా బస్సుల్లో వేరే ప్రాంతాల స్కూళ్లకు పంపే విధానంపై 1970ల్లో బైడెన్ తీసుకున్న వైఖరిని ప్రశ్నించారు. అలా బస్సెక్కి స్కూల్‌కి వెళ్లిన ఓ చిన్నారి గురించి చెప్పి, ఆ చిన్నారిని నేనే అన్నారు. మనం టీ తాగేలోపు ఆ క్లిప్ ఫోన్లలోకి వచ్చేసింది.

రోజుల వ్యవధిలోనే సీఎన్ఎన్ సర్వే వచ్చింది. మే నెల సర్వేలో 8 శాతం దగ్గరున్న హారిస్ 17 శాతానికి చేరారు. 32 శాతం ఉన్న బైడెన్ 22కి పడిపోయారు. ఇంకేముంది, బైడెన్ పని అయిపోయిందని చాలామంది రాసేశారు.

మరి చివరికి ఏమైంది? అదే ఏడాది డిసెంబర్ 3న హారిస్ పోటీ నుంచి తప్పుకున్నారు. అప్పటికి ఒక్క రాష్ట్రంలో కూడా ఓటింగ్ జరగలేదు. బైడెన్ మాత్రం నామినేషన్ గెలిచి, హారిస్‌నే రన్నింగ్ మేట్‌గా ఎంచుకుని, ప్రెసిడెంట్ అయ్యారు.

అంటే డిబేట్లు సర్వేలను కదిలిస్తాయి, అందులో డౌట్ లేదు. కానీ ఆ కదలిక ఎంతకాలం ఉంటుంది? ఎవరికి లాభం? ఎవరికి నష్టం? పాత ప్రైమరీల లెక్కలతో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ముఖ్యమైన పాయింట్లు:
- పార్టీ లోపల జరిగే డిబేట్లకు సర్వేలను కదిలించే శక్తి ఎక్కువ.
- పెద్దగా తెలియని అభ్యర్థులు వేగంగా పెరుగుతారు, అంతే వేగంగా తగ్గుతారు.
- ప్రత్యర్థిని దెబ్బకొట్టిన వాళ్లకే ఆ ఓట్లు వస్తాయన్న గ్యారంటీ లేదు.
- ఓటింగ్‌కు ఎన్ని రోజుల ముందు డిబేట్ జరిగిందన్నది చాలా కీలకం.
- సర్వేల్లో నంబర్ లేకపోతే అసలు స్టేజ్ మీదకే రానివ్వరు.

ప్రైమరీ అంటే ఏంటి?

మన దగ్గర పార్టీ అభ్యర్థి ఎవరో అధిష్ఠానం తేలుస్తుంది, బీ-ఫారం ఇస్తుంది. అమెరికాలో ప్రెసిడెంట్ అభ్యర్థిని తేల్చేది ఓటర్లే. డెమోక్రటిక్, రిపబ్లికన్ పార్టీలు ఒక్కో రాష్ట్రంలో ప్రైమరీలు గానీ, కాకస్‌లు గానీ పెడతాయి. అక్కడ వచ్చిన ఓట్లను బట్టి డెలిగేట్లు దక్కుతారు. ఎక్కువ డెలిగేట్లు ఉన్నవాళ్లు పార్టీ అభ్యర్థి అవుతారు.

టెక్సస్, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లలో అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఈ ఓటు వేయొచ్చు. గ్రీన్ కార్డ్, హెచ్1బీ మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు.

ఇక్కడ ఒక కన్ఫ్యూజన్ క్లియర్ చేసుకోవాలి. 2024 జూన్ 27న బైడెన్ తడబడిన డిబేట్ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ప్రైమరీ డిబేట్ కాదు. అప్పటికే బైడెన్ తన పార్టీ ప్రైమరీలు గెలిచేశారు, ఎదురుగా ఉన్నది వేరే పార్టీ నేత ట్రంప్. ఆ డిబేట్ తర్వాత జులై 21న బైడెన్ తప్పుకున్నారు. అది అరుదైన సందర్భం. ఈ స్టోరీ మాత్రం ఒకే పార్టీవాళ్లు తమలో తాము పోటీపడే డిబేట్ల గురించి.

ఈ డిబేట్లకే ఎందుకంత పవర్?

అసలు ఎన్నికల్లో ఎక్కువమంది ఓటర్లు పార్టీని చూసి ముందే ఫిక్స్ అయిపోతారు. తమ అభ్యర్థి డిబేట్‌లో తడబడినా ఎదుటి పార్టీకి ఓటేయరు. అందుకే అక్కడ నంబర్లు మామూలుగా రెండు మూడు పాయింట్లకు మించి కదలవు.

ప్రైమరీలో ఆ పార్టీ ముద్ర పనికిరాదు. అందరిదీ ఒకే పార్టీ, చాలా విషయాల్లో ఒకే మాట. ఓటరుకు ముగ్గురు నలుగురు నచ్చుతారు. ఒకరి నుంచి ఇంకొకరికి మారడం పెద్ద విషయం కాదు, మళ్లీ వెనక్కి రావడమూ కష్టం కాదు. పైగా సగం మంది అభ్యర్థుల పేర్లే చాలామందికి తెలియవు. అలాంటివాళ్లను ఓటరు మొదటిసారి చూసేది ఈ డిబేట్‌లోనే.

ఇంకో విషయం. డిబేట్‌ను మొదటి నుంచి చివరి దాకా చూసేవాళ్ల కంటే, మర్నాడు క్లిప్స్ చూసేవాళ్లు, వార్తల్లో వినేవాళ్లు ఎక్కువ. డిబేట్‌లో ఒక మాట పేలుతుంది. దాని చుట్టూ రెండు మూడు రోజులు వార్తలు నడుస్తాయి. విరాళాలు వస్తాయి. పేరు జనంలోకి వెళుతుంది. ఆ తర్వాతే సర్వేలో నంబర్ మారుతుంది. ఈ చైన్‌లో ఎక్కడ బ్రేక్ పడినా పెరిగిన నంబర్ నిలబడదు.

వేగంగా లేచి, వేగంగా పడ్డ గ్రాఫ్‌లు

2015లో రిపబ్లికన్ పార్టీ నుంచి 17 మంది బరిలో ఉన్నారు. ఆగస్టు 6న క్లీవ్‌ల్యాండ్‌లో జరిగిన మొదటి మెయిన్ డిబేట్‌కు సర్వేల్లో టాప్ 10లో ఉన్నవాళ్లనే పిలిచారు. మిగతా ఏడుగురికి అదే రోజు సాయంత్రం వేరే డిబేట్ పెట్టారు. ఆ చిన్న డిబేట్‌లో హ్యూలెట్ ప్యాకర్డ్ మాజీ సీఈఓ కార్లీ ఫియోరినా మెరిశారు. దాంతో సెప్టెంబర్ 16న సీఎన్ఎన్ పెట్టిన మెయిన్ డిబేట్‌లో చోటు దొరికింది. అక్కడ కూడా ట్రంప్‌కు దీటుగా జవాబిచ్చారు.

సీఎన్ఎన్ సర్వేలోనే ఆమె నంబర్లు చూడండి. డిబేట్‌కు ముందు 3 శాతం. డిబేట్ తర్వాత 15 శాతం, ట్రంప్ తర్వాత రెండో స్థానం. అక్టోబర్ మధ్యలో మళ్లీ 4 శాతం. అంతా నెలన్నర లోపే జరిగిపోయింది. 2016 ఫిబ్రవరి 10న ఆమె తప్పుకున్నారు.

ఇలా ఎందుకు జరుగుతుందో జాన్ సైడ్స్, లిన్ వావ్రెక్ అనే పొలిటికల్ సైంటిస్టులు 2012 ఎన్నికలపై రాసిన 'ది గ్యాంబుల్' పుస్తకంలో వివరించారు. వాళ్ల లెక్క ప్రకారం ఇది మూడు స్టేజీల్లో నడుస్తుంది. మొదట మీడియా కొత్త అభ్యర్థిని కనిపెడుతుంది, కవరేజ్ పెరుగుతుంది, నంబర్ లేస్తుంది. తర్వాత పాత రికార్డులు, పాత మాటలు బయటకు తీస్తారు. చివరికి మీడియా చూపు ఇంకొకరి మీదకు వెళ్లిపోతుంది, నంబర్ పడుతుంది.

హారిస్ విషయంలోనూ అదే కనిపిస్తుంది. జూన్‌లో ఆమె బైడెన్‌ను ప్రశ్నిస్తే, జులై 31న డెట్రాయిట్ డిబేట్‌లో తులసి గబార్డ్ ఆమెనే ప్రశ్నించారు. కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా హారిస్ రికార్డును టార్గెట్ చేశారు. హెల్త్ ఇన్సూరెన్స్ మీద హారిస్ వైఖరి ఏంటో కూడా ఓటర్లకు స్పష్టంగా అర్థం కాలేదు. అన్నిటికంటే బాధాకరమైన విషయం ఏంటంటే, తప్పుకునే నాటికి డిసెంబర్ డిబేట్‌కు ఆమె క్వాలిఫై అయి ఉన్నారు. స్టేజ్ మీద చోటుంది, ప్రచారం నడపడానికి డబ్బు లేదు.

ఒక్క తప్పుతో కథ ముగుస్తుందా?

ప్రైమరీ డిబేట్లలో తప్పు అనగానే అందరూ చెప్పే పేరు రిక్ పెర్రీ. 2011 నవంబర్ 9న మిషిగన్‌లో డిబేట్. తాను గెలిస్తే మూడు ప్రభుత్వ శాఖలు మూసేస్తానన్నారు అప్పటి టెక్సస్ గవర్నర్. రెండు పేర్లు చెప్పారు, మూడోది గుర్తు రాలేదు. దాదాపు నిమిషం పాటు తడబడి, చివరికి 'ఊప్స్' అనేశారు. మర్చిపోయింది ఎనర్జీ డిపార్ట్‌మెంట్. విచిత్రం ఏంటంటే, 2017లో ట్రంప్ ఆయనకు అదే శాఖ అప్పగించారు.

ఆ ఒక్క మాటతోనే పెర్రీ ఓడిపోయారని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. తేదీలు చూస్తే కథ వేరేలా ఉంటుంది. 2011 ఆగస్టు 13న బరిలోకి దిగిన పెర్రీ కొన్ని రోజుల్లోనే చాలా జాతీయ సర్వేల్లో నంబర్ వన్ అయ్యారు. సెప్టెంబర్ డిబేట్లలో వరుసగా తడబడ్డారు. సెప్టెంబర్ 22న ఓర్లాండోలో, పత్రాలు లేని వలసదారుల పిల్లలకు కాలేజీ ఫీజు రాయితీని వ్యతిరేకించేవాళ్లకు హృదయం లేదన్నట్టు మాట్లాడారు. సొంత పార్టీ ఓటర్లకే అది నచ్చలేదు. నవంబర్ నాటికే ఆయన గ్రాఫ్ బాగా కిందకు వచ్చేసింది. ఊప్స్ క్లిప్ ఆయనను పడగొట్టలేదు, పడ్డాక లేవనివ్వలేదు.

మార్కో రూబియోది ఇంకో రకం. 2016 ఫిబ్రవరి 1న అయోవాలో 23 శాతం ఓట్లతో మూడో స్థానంలో నిలిచి మంచి ఊపు మీద ఉన్నారు. ఫిబ్రవరి 6న న్యూ హ్యాంప్‌షైర్ డిబేట్‌లో న్యూజెర్సీ గవర్నర్ క్రిస్ క్రిస్టీ, నువ్వు బట్టీపట్టిన డైలాగులే చెబుతావు అన్నట్టు ఎత్తిపొడిచారు. దానికి రూబియో ఒబామా గురించి చెప్పిన మాటనే మళ్లీ మళ్లీ చెప్పి దొరికిపోయారు. మూడు రోజుల తర్వాత ఓటింగ్. రూబియోకు వచ్చింది దాదాపు 10.5 శాతం, ఐదో స్థానం. డిబేట్‌లో సరిగా చేయలేకపోయానని ఆ రాత్రి ఆయనే ఒప్పుకున్నారు.

అయితే అక్కడితో ఆయన కథ ముగియలేదు. ఫిబ్రవరి 20న సౌత్ కరోలినాలో మళ్లీ రెండో స్థానానికి వచ్చారు. సొంత రాష్ట్రం ఫ్లోరిడాలో మార్చి 15న ట్రంప్ చేతిలో ఓడిపోయాకే పోటీ నుంచి తప్పుకున్నారు.

కొట్టింది ఒకరు, లాభం ఇంకొకరికి

రూబియోను అంత గట్టిగా దెబ్బకొట్టిన క్రిస్టీకి ఏం దక్కింది? న్యూ హ్యాంప్‌షైర్‌లో ఆరో స్థానం. మర్నాడే పోటీ నుంచి అవుట్. రెండో స్థానం మాత్రం ఆ గొడవలో తలదూర్చని ఒహాయో గవర్నర్ జాన్ కేసిక్‌కు దక్కింది.

2020లో కూడా ఇదే జరిగింది. న్యూయార్క్ మాజీ మేయర్, బిలియనీర్ మైఖేల్ బ్లూమ్‌బర్గ్ వందల మిలియన్ డాలర్ల సొంత డబ్బు యాడ్స్‌లో పోసి సర్వేల్లో పైకి వచ్చారు. ఫిబ్రవరి 19న లాస్ వేగాస్‌లో ఆయనకు మొదటి డిబేట్. దాదాపు 2 కోట్ల మంది చూశారు, డెమోక్రటిక్ ప్రైమరీ డిబేట్లలో అదే రికార్డ్. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ మొదటి నిమిషాల నుంచే ఆయనను ఉతికి ఆరేశారు. యాడ్స్‌లో కనిపించిన బ్లూమ్‌బర్గ్ వేరు, స్టేజ్ మీద కనిపించిన మనిషి వేరు అని జనానికి అనిపించింది. మార్చి 3న సూపర్ ట్యూస్‌డే రోజు ఆయన గెలిచింది అమెరికన్ సమోవా ఒక్కటే. మర్నాడే తప్పుకుని బైడెన్‌కు మద్దతిచ్చారు.

మరి వారెన్? విరాళాలైతే వెల్లువలా వచ్చాయి. ఓట్లు మాత్రం రాలేదు. ఫిబ్రవరి 22న నెవాడాలో నాలుగో స్థానం, మార్చి 3న సొంత రాష్ట్రం మసాచుసెట్స్‌లోనే మూడో స్థానం. బ్లూమ్‌బర్గ్ నుంచి కదిలిన ఓటర్లు మధ్యేవాద అభ్యర్థిని కోరుకునేవాళ్లు. వాళ్లకు వారెన్ కంటే బైడెన్ దగ్గర.

అసలు ఆట టైమింగ్‌దే

ఈ వారెన్ కథలోనే ఇంకో విషయం ఉంది. నెవాడాలో డిబేట్‌కు ముందే, ఫిబ్రవరి 15 నుంచి 18 వరకు ముందస్తు ఓటింగ్ జరిగింది. దాదాపు 75 వేల మంది అప్పటికే ఓటేసి వెళ్లిపోయారు. 19న డిబేట్ ఎంత బాగా చేసినా ఆ ఓట్లు మారవు.

టైమింగ్ కలిసొస్తే ఎలా ఉంటుందో న్యూట్ గింగ్రిచ్ చూపించారు. 2012 జనవరి 16, 19 తేదీల్లో సౌత్ కరోలినాలో రెండు డిబేట్లు. 19న మోడరేటర్ మొదటి ప్రశ్నే ఆయన మాజీ భార్య చేసిన ఆరోపణల మీద అడిగారు. గింగ్రిచ్ మీడియా మీదే విరుచుకుపడ్డారు, హాల్ చప్పట్లతో మోగిపోయింది. 21న ఓటింగ్. గింగ్రిచ్‌కు 40 శాతం, అప్పటిదాకా ముందున్న మిట్ రోమ్నీకి 28 శాతం.

పది రోజులకే సీన్ రివర్స్. ఫ్లోరిడా డిబేట్లలో రోమ్నీ పదును పెంచారు, గింగ్రిచ్ తేలిపోయారు. జనవరి 31న రోమ్నీకి 46 శాతం, గింగ్రిచ్‌కు 32. ఫ్లోరిడాలో రోమ్నీ వర్గం టీవీ యాడ్స్ కుమ్మరించిందన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. అలాగే సౌత్ కరోలినాలో 19వ తేదీ ఉదయమే పెర్రీ తప్పుకుని గింగ్రిచ్‌కు మద్దతు ప్రకటించారు. కాబట్టి రెండు చోట్లా మార్పు మొత్తం డిబేట్ ఖాతాలో వేయలేం.

2020లో సెనేటర్ ఏమీ క్లోబుచార్‌ది ఇదే దారి. ఫిబ్రవరి 7న న్యూ హ్యాంప్‌షైర్ డిబేట్‌లో బాగా మాట్లాడారు. 11న దాదాపు 20 శాతంతో మూడో స్థానం, వారెన్, బైడెన్ ఇద్దరి కంటే పైన. జూన్‌లో పేలిన హారిస్ మాటకు, ఓటింగ్‌కు మధ్య ఏడు నెలల గ్యాప్ ఉంది. క్లోబుచార్‌కు ఉన్నది నాలుగు రోజులే. పెరిగిన నంబర్ పడిపోయేలోపే ఓట్లు పడిపోయాయి. కానీ తర్వాతి రాష్ట్రాల్లో అది కొనసాగలేదు. మార్చి 2న ఆమె కూడా తప్పుకున్నారు.

నంబర్ ఉంటేనే స్టేజ్.. స్టేజ్ ఉంటేనే నంబర్

డిబేట్ వల్ల సర్వే మారుతుందని చెప్పుకుంటున్నాం. ఇది రివర్స్‌లో కూడా పనిచేస్తుంది. 2019 జూన్‌లో డెమోక్రటిక్ పార్టీ పెట్టిన రూల్ ప్రకారం మూడు సర్వేల్లో 1 శాతం గానీ, 65 వేల మంది దాతలు గానీ ఉంటే చాలు. 20 మందికి చోటు దొరికింది, రెండు రాత్రులు పెట్టారు. సెప్టెంబర్‌కు నాలుగు సర్వేల్లో 2 శాతంతో పాటు 1,30,000 మంది దాతలూ ఉండాలన్నారు. పది మందే మిగిలారు.

సర్వేలో నంబర్ లేదని స్టేజ్ ఎక్కనివ్వకపోతే, ఆ నంబర్ పెంచుకునే ఛాన్సే పోతుంది. సెనేటర్ కోరీ బుకర్, మాజీ మంత్రి హూలియన్ కాస్ట్రో ఇలాగే ఆగిపోయారు. 2020 జనవరి 14న అయోవా డిబేట్ నాటికి స్టేజ్ మీద మిగిలిన ఆరుగురూ తెల్లజాతివాళ్లే. ఏ పార్టీలో అయితే నల్లజాతి ఓటర్లే కీలకమో, ఆ పార్టీలో ఇలా జరిగింది. మరోవైపు విరాళాలు తీసుకోని బ్లూమ్‌బర్గ్‌కు, దాతల రూల్ తీసేయడంతో లాస్ వేగాస్ స్టేజ్ దొరికింది. దీనిపై పార్టీలో గట్టి విమర్శలే వచ్చాయి.

అసలు డిబేట్‌కే రాకపోతే?

2023లో డొనాల్డ్ ట్రంప్ ఇదే చేశారు. ఆగస్టు 23న మిల్వాకీలో మొదటి డిబేట్. ట్రంప్ రాలేదు. వివేక్ రామస్వామి, నిక్కీ హేలీ, రాన్ డిశాంటిస్ తదితరులు వాదించుకున్నారు. దాదాపు 1.28 కోట్ల మంది చూశారు. డిసెంబర్‌లో టస్కలూసా డిబేట్‌కు వచ్చేసరికి చూసినవాళ్లు 40 లక్షల చిల్లర.

భారత మూలాలున్న ఇద్దరు స్టేజ్ మీద ఉండటంతో మన దగ్గర కూడా ఆ క్లిప్స్ బాగా తిరిగాయి. మొదటి రాత్రి ఎక్కువ చర్చ రామస్వామి మీదే నడిచింది. హేలీ మాత్రం ఒక్కో డిబేట్‌కూ కొంచెం కొంచెంగా పైకి వచ్చారు. 2024 జనవరి 15న అయోవా ఫలితం చూడండి: ట్రంప్‌కు 51 శాతం, డిశాంటిస్‌కు 21, హేలీకి 19, రామస్వామికి 8 లోపే. వాళ్లు పోటీపడింది రెండో స్థానం కోసమే అని తేలిపోయింది.

ఓటర్లకు బాగా తెలిసిన నేతకు, సగానికి పైగా మద్దతు ముందే ఉన్న నేతకు డిబేట్ వల్ల వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకే ఇలాంటివాళ్లు తప్పించుకుంటారు. ఓటర్లకు మాత్రం ఇది నష్టమే. ఎదురెదురుగా నిలబెట్టి ప్రశ్నలు అడిగే ఒకే ఒక్క సందర్భం చేజారిపోతుంది.

మీ ఫోన్‌లో 'డిబేట్ విన్నర్' అని కనిపిస్తే ఏం చూడాలి?

1. అది సర్వేనా, క్లిక్ పోలా? వెబ్‌సైట్లలో, సోషల్ మీడియాలో 'ఎవరు గెలిచారు?' అని పెట్టేవి సర్వేలు కావు. ఇష్టమున్నవాళ్లు వచ్చి నొక్కుతారు, ఫ్యాన్స్ ఎక్కువున్నవాళ్లు గెలుస్తారు. అసలు సర్వేలో శాంపిల్‌ను సర్వే సంస్థ ఎంచుకుంటుంది.

2. ప్రశ్న ఏంటి? డిబేట్‌లో ఎవరు బాగా చేశారు అన్నది ఒక ప్రశ్న. మీ ఓటు ఎవరికి అన్నది ఇంకో ప్రశ్న. వారెన్ బాగా చేశారన్నవాళ్లంతా వారెన్‌కు ఓటేయలేదు.

3. ఎంతమందిని అడిగారు? జాతీయ సర్వేలో వెయ్యి మందిని అడిగినా, అందులో ఆ పార్టీ ప్రైమరీలో ఓటేసేవాళ్లు 400 మందే ఉండొచ్చు. అప్పుడు తేడా అటూ ఇటూ 5 పాయింట్ల దాకా ఉంటుంది. 3 నుంచి 5 శాతానికి వస్తే దాన్ని దూకుడు అనలేం. 3 నుంచి 15 అంటే నిజంగానే ఏదో జరిగినట్టు.

4. ఏ తేదీల్లో అడిగారు? డిబేట్ మర్నాడు వచ్చిన సర్వే అంటే డిబేట్ తర్వాత చేసిందనుకోవద్దు. ఫోన్లు చేసిన రోజులు డిబేట్‌కు ముందే అయి ఉండొచ్చు.

5. జాతీయ సర్వేనా, రాష్ట్రానిదా? ప్రైమరీ దేశమంతా ఒకేరోజు జరగదు. మొదట్లో ఓటేసే రాష్ట్రాల సర్వేలకే ఎక్కువ విలువ.

6. అదే వారం ఇంకేం జరిగింది? 2020 ఫిబ్రవరి 25న సౌత్ కరోలినాలో డిబేట్. మర్నాడు అక్కడి కీలక నల్లజాతి నేత జిమ్ క్లైబర్న్ బైడెన్‌కు మద్దతు ప్రకటించారు. 29న బైడెన్ దాదాపు 49 శాతంతో గెలిచారు. ఈ గెలుపును డిబేట్ ఒక్కదాని ఖాతాలో రాస్తే తప్పవుతుంది.

చివరగా..

ఇన్ని ఉదాహరణల్లో ఒకటి మాత్రం కామన్‌గా కనిపిస్తుంది. డిబేట్ ఒక అభ్యర్థిని జనానికి పరిచయం చేస్తుంది, లేదా ఉన్న అనుమానాన్ని పెంచుతుంది. పరిచయాన్ని ఓటుగా మార్చేది తర్వాతి వారాల్లో డబ్బు, గ్రౌండ్‌లో టీమ్, మద్దతిచ్చే నేతలు, క్యాలెండర్. ఇవి లేకపోతే 17 శాతం కూడా నిలబడదు.

వచ్చే ప్రైమరీ సీజన్‌లో కూడా ఏదో ఒక ఉదయం ఒక క్లిప్ మీ ఫోన్‌కి వస్తుంది. పైన 'గేమ్ ఓవర్' అని రాసి ఉంటుంది. క్లిప్ చూడండి, షేర్ చేయండి. కానీ ఓటింగ్‌కు ఇంకా ఎన్ని రోజులుందో ఒకసారి లెక్కపెట్టండి. 2019 జూన్‌లో అలా లెక్కపెట్టి ఉంటే, బైడెన్ పని అయిపోయిందని ఎవరూ రాసేవాళ్లు కాదు.